సందర్భం: మాటకూ సంఘటనకూ అర్థమిచ్చే పరిసరం

ఒక మాటను గానీ, చేతను గానీ, వస్తువును గానీ చుట్టుకుని ఉండి దాని అర్థాన్ని తేల్చే పరిస్థితులను కలిపి సందర్భం అంటారు. ముందువెనుకల మాటలు, పలికినవారు, విన్నవారు, చోటు, వేళ, గొంతు తీరు, ఇద్దరికీ ముందే తెలిసిన సంగతులు, ఆ సమాజపు ఆచారాలు అన్నీ ఇందులోకి వస్తాయి. వ్యాకరణం, మీమాంస, అలంకారశాస్త్రం, న్యాయశాస్త్రం, చరిత్ర, పురావస్తుశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, కంప్యూటర్ శాస్త్రం దీన్ని తమ తమ అవసరాల మేరకు పరిశీలించాయి.

సంస్కృతంలో 'సందర్భం' అంటే కలిపి గుచ్చడం, కూర్పు. గ్రంథ రచనకు కూడా ఆ పేరు ఉంది. తెలుగులో 'తరుణం' అనే అర్థం బలపడింది. 'పెళ్ళి సందర్భంగా' అనడం అలా వచ్చిందే. ఇంగ్లీషు 'కాంటెక్స్ట్'కు మూలమైన లాటిన్ మాటకు కూడా నేతతో సంబంధం ఉంది. రెండు చోట్లా పేరు పుట్టింది అల్లికలోంచే.

పక్క మాటల వల్ల తేలే అర్థం

తెలుగు సంఖ్యాపదాల్లో కొన్నిటికి వేరే అర్థాలు కూడా ఉన్నాయి, కొన్ని క్రియలుగా కూడా పనిచేస్తాయి. 'ఆరు' అంకె, బట్టల పక్కన చేరితే తడి పోవడం, దీపం పక్కన చేరితే వెలుగు పోవడం. 'నూరు' వంద కావచ్చు, రోటి దగ్గర పచ్చడి నూరమని చెప్పడం కావచ్చు. 'వేయి' రూపాయల లెక్కలో సంఖ్య, కూరలో ఉప్పు దగ్గర ఆజ్ఞ. 'ఏడు' అంకె, సంవత్సరం కూడా. వినేవారు వీటి దగ్గర తడబడరు. పక్కనున్న మాట ఒక అర్థాన్ని నిలిపి మిగిలినవాటిని పక్కకు నెడుతుంది.

'పచ్చ' అనే మాట ఇంకా లోతైన ఉదాహరణ. పచ్చగడ్డిలో అది ఆకు రంగు, పచ్చకామెర్లలో పసుపు రంగు. పచ్చిపాలంటే కాచనివి, పచ్చని సంసారమంటే చల్లగా సాగేది. ఒంటరిగా 'పచ్చ చీర' అంటే ఏ రంగు చీరో ఊరిని బట్టి, ఇంటిని బట్టి మారుతుంది. ఆ సందేహాన్ని తీర్చేవి 'ఆకుపచ్చ', 'పసుపుపచ్చ' అనే జంటపదాలు. వీటిలో సందర్భం పదంలోపలికే వచ్చి కూర్చుంది.

ఆచారం కూడా పదార్థాన్ని తిప్పేస్తుంది. డబ్బాలో బియ్యం 'నిండుకున్నాయి' అంటే అయిపోయాయని అర్థం. దీపం 'కొండెక్కింది' అంటే ఆరిపోయిందని. మంగళసూత్రం 'పెరిగింది' అంటే తెగిందని. ఇంటి నుంచి బయలుదేరే మనిషి 'వెళ్తాను' అనకుండా 'వెళ్ళొస్తాను' అంటాడు. అశుభాన్ని నోటితో పలకకూడదన్న ఇంటి నియమం తెలియనివారికి నిఘంటువు ఇక్కడ పూర్తిగా తప్పుదారి చూపుతుంది.

భారతీయ శాస్త్ర సంప్రదాయం

ఈ విషయంపై తొలి సమగ్ర పట్టిక భర్తృహరిది. సుమారు 5వ శతాబ్దికి చెందిన ఈ వ్యాకరణ తాత్త్వికుడు తన 'వాక్యపదీయం' రెండో కాండలో అనేకార్థాలున్న శబ్దానికి ఒక అర్థాన్ని నిర్ణయించే కారణాలను వరుసగా చెప్పాడు: సంయోగం, విప్రయోగం, సాహచర్యం, విరోధం, ప్రయోజనం, ప్రకరణం, లింగం, మరో శబ్దపు సన్నిధి, సామర్థ్యం, ఔచిత్యం, దేశం, కాలం, వ్యక్తి, స్వరం. ఇందులో 'వ్యక్తి' అంటే పుంలింగ, స్త్రీలింగ భేదం; 'లింగం' అంటే గుర్తు.

తర్వాతి ఆలంకారికులు ఈ పట్టికకు ఉదాహరణలు కూర్చారు. 'హరి' అనే మాటకు విష్ణువు, ఇంద్రుడు, సింహం, కోతి వంటి అర్థాలు ఎన్నో. శంఖచక్రాలు ఉన్న హరి అంటే విష్ణువే, ఇది సంయోగం. శంఖచక్రాలు లేని హరి అన్నా విష్ణువే, ఎందుకంటే ఉన్నవాడికే లేకపోవడం చెప్పాలి, ఇది విప్రయోగం. రాముడి పక్కన లక్ష్మణుడుంటే ఆ రాముడు దశరథుడి కొడుకు. ఎదురుగా కార్తవీర్యార్జునుడుంటే పరశురాముడు. మొదటిది సాహచర్యం, రెండోది విరోధం. 'చిత్రభానుడు వెలుగుతున్నాడు' అంటే పగలు సూర్యుడు, రాత్రి అగ్ని. ఇక్కడ తేల్చేది కాలం.

ప్రకరణానికి, అంటే అప్పుడు నడుస్తున్న విషయానికి, ప్రసిద్ధమైన ఉదాహరణ 'సైంధవం'. సింధు దేశం నుంచి వచ్చిన ఉప్పుకూ గుర్రానికీ ఇదే పేరు. భోజనం దగ్గర కూర్చున్నవాడు 'సైంధవం తీసుకురా' అంటే ఉప్పు తేవాలి. ప్రయాణానికి సిద్ధమైనవాడు అంటే గుర్రం తేవాలి. వాక్యంలో ఒక్క అక్షరం మారలేదు, తెచ్చేది మాత్రం మారిపోయింది.

స్వరానికి ఉదాహరణగా వ్యాకరణవేత్త పతంజలి రాసిన మహాభాష్యం 'ఇంద్రశత్రు' కథను గుర్తు చేస్తుంది. ఇంద్రుణ్ణి చంపేవాడు పుట్టాలని చేసిన యాగంలో ఉచ్చారణ స్వరం తప్పడంతో, ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు అనే అర్థం వచ్చిందట.

వేదవాక్యాల అర్థాన్ని చర్చించే మీమాంసకులకు ఈ చర్చ యజ్ఞ విధుల నుంచి వచ్చింది. ఏ మంత్రం ఏ కర్మకు చెందుతుందో తేల్చడానికి జైమిని సూత్రాలు ఆరు ప్రమాణాలు చెప్పాయి: శ్రుతి, లింగం, వాక్యం, ప్రకరణం, స్థానం, సమాఖ్య. వీటిలో ముందుది తర్వాతిదానికంటే బలమైనది. ఈ వరుసలో ప్రకరణం నాలుగోది. సూటిగా చెప్పిన మాట, అంటే శ్రుతి, ఉన్నప్పుడు ప్రకరణం దానిని కొట్టివేయలేదు. సందర్భానికి ఎంత బలం ఇవ్వాలో, ఎక్కడ ఇవ్వకూడదో ఇంత కచ్చితంగా చెప్పిన ప్రాచీన నియమం అరుదు. ఇదే శాస్త్రంలో వాక్యార్థం ఎలా ఏర్పడుతుందన్నదానిపై రెండు పక్షాలున్నాయి. కుమారిలుడి అభిహితాన్వయ వాదంలో పదాలు ముందు తమ అర్థాలు చెప్పి తర్వాత కలుస్తాయి. ప్రభాకరుడి అన్వితాభిధాన వాదంలో పదం ఇతర పదాలతో కలిసే తన అర్థం చెబుతుంది (చూ. శాబ్దబోధ, ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి).

9వ శతాబ్దిలో కాశ్మీరానికి చెందిన ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకం'లో చెప్పని అర్థాన్ని చర్చకు కేంద్రం చేశాడు. 11వ శతాబ్దిలో మమ్మటుడు 'కావ్యప్రకాశం'లో దానిని విస్తరించాడు. సూర్యుడు అస్తమించాడన్న ఒక్క వాక్యం ఎవరు ఎవరితో అన్నారన్నదాన్ని బట్టి ఎన్ని తీరులుగా ధ్వనిస్తుందో అతడు చూపాడు. సేనాపతికి దాడి వేళ, కూలికి పని ఆపే వేళ, పశువుల కాపరికి మందను ఇంటికి తోలే వేళ, ఆచారవంతుడికి సంధ్యవార్చే వేళ (చూ. ధ్వని, అభిధ, లక్షణ, వ్యంజన).

పాశ్చాత్య చింతన

జర్మన్ తర్కవేత్త ఫ్రేగె 1884లో పదార్థాన్ని విడిగా కాక వాక్యంలోనే వెదకాలని సూత్రీకరించాడు. మానవశాస్త్రవేత్త మలినౌస్కీ ట్రోబ్రియాండ్ దీవుల్లో పనిచేసినప్పుడు, అక్కడివారు పడవల గురించి చెప్పుకునే మాటలను పదానికి పదం అనువదిస్తే ఏమీ బోధపడదని గమనించాడు. వారి ప్రయాణాలు, పోటీలు, గొప్పలు తెలిస్తేనే ఆ వాక్యాలు తెరుచుకున్నాయి. 1923లో ఆయన దీనికి 'పరిస్థితి సందర్భం' అని పేరు పెట్టాడు. లాహోరులో కొంతకాలం ఆచార్యుడిగా ఉన్న జె.ఆర్. ఫిర్త్ దీనిని భాషాశాస్త్రంలోకి తెచ్చి, పదాన్ని దాని సహవాసాన్ని బట్టి గుర్తించాలన్నాడు. భర్తృహరి చెప్పిన సాహచర్యానికి ఇది చాలా దగ్గర. తత్త్వవేత్త విట్గెన్‌స్టీన్ రచన (1953) పదార్థాన్ని వాడుకతో ముడిపెట్టింది. మరో తత్త్వవేత్త గ్రైస్ 1967 ఉపన్యాసాల్లో, అన్న మాటకూ అనుకున్న మాటకూ మధ్య దూరాన్ని వినేవారు ఎలా దాటుతారో వివరించాడు.

సందర్భం పనిచేసే తీరు

కొన్ని మాటలకు సందర్భం లేకుండా అర్థమే నిండదు. 'నేను', 'ఇక్కడ', 'ఇప్పుడు', 'అది' అలాంటివి. తెలుగులో 'మనం', 'మేము' అన్న భేదం వినేవారిని కలుపుకోవడమో వదిలేయడమో చేస్తుంది. ఎదుట ఎవరున్నారో తెలియకపోతే ఈ భేదానికి అర్థం లేదు.

వీటిలో 'రేపు' కథ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కిరాణా కొట్లలో గల్లాపెట్టె పైన 'అప్పు రేపు' అన్న అట్టముక్క వేలాడుతూ ఉంటుంది. చదివిన రోజు నుంచి లెక్కిస్తే రేపు ఎప్పుడూ ఒక రోజు దూరంలోనే ఉంటుంది కనుక ఆ అట్ట ఏళ్ళ తరబడి అబద్ధం కాకుండా నిలుస్తుంది. ఇదే ఉపాయం భయం నుంచి కాపాడుకోవడానికీ పనికొచ్చింది. దయ్యం తిరుగుతోందన్న పుకారు లేచినప్పుడు తెలుగు ఊళ్ళలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్నారు. కన్నడ ప్రాంతంలో అదే 'నాళె బా'. వచ్చినది చదివి వెళ్ళి, మర్నాడు వచ్చి మళ్ళీ అదే చదువుతుందని నమ్మకం. తేదీ వేసి ఉంటే ఈ రెండు రాతలూ మర్నాటికే పనికిరాకుండా పోయేవి.

పిలుపుల్లో సందర్భం బంధుత్వాన్ని కూడా తలకిందులు చేస్తుంది. పసిపిల్లను ఎత్తుకున్న తల్లి 'ఏంటి తల్లీ' అంటుంది. కొడుకును తండ్రి 'నాన్నా, లే' అని నిద్ర లేపుతాడు. 'ఏమండీ' వీధిలో ఎవరినైనా మర్యాదగా పిలిచే మాట. ఇంట్లో భార్య నోట అది భర్త పేరుకు బదులు.

గొంతు తీరును అలంకారశాస్త్రం 'కాకువు' అంటుంది. 'బాగానే చేశావు' అన్న మాట మెప్పో దెప్పో చెప్పేది అదే. కాకువు ఊరికొక తీరుగా ఉంటే మనుషుల మధ్య నిజమైన గాయాలే తగులుతాయి. భాషాశాస్త్రవేత్త గంపర్జ్ 1982లో ప్రచురించిన పరిశీలన ఇందుకు సాక్ష్యం. లండన్ హీత్రూ విమానాశ్రయపు ఉద్యోగుల క్యాంటీన్‌లో వడ్డించే భారతీయ, పాకిస్తానీ స్త్రీలు 'గ్రేవీ' అన్న మాటను స్వరం దించి పలికేవారు. అది వారికి మామూలు ప్రశ్న. ఇంగ్లీషు చెవికి మాత్రం 'ఇదుగో, తీసుకుంటే తీసుకో' అన్నట్టు వినపడింది, వారు పొగరుబోతులన్న పేరు పడింది. రికార్డులు వినిపించి చర్చించాకే ఇరువైపులా విషయం బోధపడింది.

కొన్ని మాటలు సమాచారం చెప్పవు, పని జరుపుతాయి. తత్త్వవేత్త ఆస్టిన్ 1955 ఉపన్యాసాల్లో వీటిని వివరించాడు. హైదరాబాద్ దగ్గర బాలాపూర్ గణేశుడి లడ్డూకు 1994 నుంచి వేలం జరుగుతోంది. అక్కడ 'మూడోసారి' అన్న మాటతో లడ్డూ ఒకరిదవుతుంది. అదే మాట బడిలో లెక్క చెప్పే పంతులు అంటే ఏదీ చేతులు మారదు.

కాలం మార్చిన అర్థాలు

వాడుక సందర్భం తరాల తరబడి ఒక వైపే మొగ్గితే పదార్థమే కదిలిపోతుంది. 'నూనె' మొదట నువ్వుల నుంచి తీసినదే. నేడు కొబ్బరి నూనె, వేరుశనగ నూనె అనడంలో ఎవరికీ వింత తోచదు. 'వ్యవసాయం' సంస్కృతంలో ప్రయత్నం, నిశ్చయం. తెలుగులో సేద్యానికే పరిమితమైంది. పాత కావ్యాల్లో సువాసనకు కూడా వాడిన 'కంపు' నేడు దుర్వాసన. దేవుడి సేవ అయిన 'కైంకర్యం' పరుల సొమ్ము కాజేయడానికి కూడా పేరైంది. పాత పద్యాన్ని నేటి అర్థంతో చదివితే కవి అననిది అన్నట్టవుతుంది (చూ. అర్థవిపరిణామం).

సంఘటనల అర్థం

సముద్రపు ఒడ్డున గుప్పెడు ఉప్పు తీయడంలో చెప్పుకోదగ్గదేమీ లేదు. 1882 నాటి ఉప్పు చట్టం ప్రభుత్వానికి గుత్తాధికారం ఇచ్చిన దేశంలో, 1930 మార్చి 12న సబర్మతి నుంచి బయలుదేరి ఏప్రిల్ 6న దండి తీరంలో గాంధీ తీసిన ఉప్పు మాత్రం చట్టధిక్కారం. చేత, వస్తువు రెండూ రోజువారీవే. దానిని చరిత్ర చేసినవి చట్టం, నడక, చూస్తున్న దేశం.

ఒకే సంఘటనను వేర్వేరు సందర్భాల్లో నిలబెడితే వేర్వేరు పేర్లు పుడతాయి. 1857 కొందరికి సిపాయిల తిరుగుబాటు, కొందరికి ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామం. తెలంగాణలో ఇలాంటిదే 1948 సెప్టెంబర్ 17. ఆ నెల 13న భారత సైన్యం 'ఆపరేషన్ పోలో' పేరుతో హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోతున్నట్టు ప్రకటించాడు. ఇంతవరకు వివాదం లేదు. నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళమైన రజాకార్ల దౌర్జన్యాలను, రాచరికాన్ని ముందుంచి చూసినవారు దీనిని విమోచనం అంటారు. దేశంలో సంస్థానాలు కలిసిన క్రమంలో చూసినవారు విలీనం అంటారు. 1946లో మొదలైన రైతాంగ సాయుధ పోరాటం 1951 వరకు సాగిందని, సైన్యం ఆ రైతులపైకీ వెళ్ళిందని గుర్తుచేసేవారిలో కొందరు విద్రోహం అంటారు. సైనిక చర్య తర్వాత ముస్లింలపై జరిగిన హత్యలను సుందర్‌లాల్ కమిటీ నమోదు చేసింది. ఆ కుటుంబాలకు ఆ తేదీ మరోలా గుర్తుంది. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా వజ్రోత్సవాలు, కేంద్రం హైదరాబాద్ విమోచన దినం జరిపాయి. 2024లో రాష్ట్రం దానిని ప్రజాపాలన దినోత్సవంగా జరిపింది. ఈ పేర్లలో ఏ ఒక్కటీ కేవలం తేదీని చెప్పదు. ప్రతిదీ ఆ రోజుకు ముందువెనుకల ఏ సంగతులను చేర్చాలో ఎంచుకుంటుంది.

చోటు కోల్పోయిన వస్తువు

పురావస్తుశాస్త్రంలో సందర్భం అంటే వస్తువు దొరికిన పొర, లోతు, పక్కన దొరికినవి. అవి నమోదు కాకుండా తవ్వి తీసిన వస్తువు అందంగా ఉండవచ్చు, సాక్ష్యంగా బలహీనపడుతుంది.

అమరావతి మహాస్తూపం దీనికి బాధాకరమైన నిదర్శనం. 18వ శతాబ్ది చివర స్థానిక జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్టణం కట్టిస్తున్నప్పుడు దిబ్బ నుంచి రాళ్ళు తరలిపోయాయి. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1790ల చివర చూసి, 1816లో తిరిగి వచ్చి పటాలు, చిత్రాలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించిన పలకలు మద్రాసుకు, వాటిలో చాలా భాగం తర్వాత లండన్‌కు చేరాయి. ప్రదక్షిణ చేసే భక్తుడు ఒకదాని తర్వాత ఒకటిగా చూడాలని చెక్కిన కథలు నేడు బ్రిటిష్ మ్యూజియంలోను, చెన్నై మ్యూజియంలోను గోడకు నిలబడి ఉన్నాయి. ఏ పలక వేదికది (చుట్టూ కట్టిన కంచెది), ఏది అండానిది (గుమ్మటానిది) అని పండితులు కొంతైనా చెప్పగలుగుతున్నారంటే ఆ పాత చిత్రాలే ఆధారం. శిల్పం ఎక్కడికి పోయినా శిల్పమే, కానీ దాని క్రమం అక్కడే పోయింది.

ఇదే స్తూపపు రాతి ముక్కపై 'నాగబు' అన్న మాట ఉంది. పండితులు వేటూరి ప్రభాకరశాస్త్రి దీనిని గుర్తించారు. 'బు'తో ముగియడం తెలుగు పదాల తీరుకు దగ్గరగా ఉండడంతో తొలి తెలుగు మాటగా పేరుపొందింది. అయితే దాని ముందూ వెనుకా వాక్యం లేదు. అది పూర్తి పదమా, పెద్ద పేరులో ముక్కా అన్న ప్రశ్నకు చుట్టూ ఉన్న రాయి జవాబు చెప్పదు. రూపం చూసి ఊహించడం వేరు, అర్థం తేలిందనడం వేరు.

న్యాయస్థానాల్లో

తమలపాకు కూరగాయా కాదా అన్న ప్రశ్న అమ్మకపు పన్ను విషయంలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1961లో కోర్టు కాదని తేల్చింది. వృక్షశాస్త్రం ఏమంటుందన్నది కాదు, బజారులో కొనేవారు, అమ్మేవారు కూరగాయ అని దేన్ని అంటారన్నదే ప్రమాణమని చెప్పింది. 1987లో పియర్‌లెస్ కేసులో తెలుగువాడైన న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి చట్ట పాఠాన్ని నేతతోను, సందర్భాన్ని దానికి వచ్చే రంగుతోను పోల్చారు. రెండూ కలిస్తేనే చట్టానికి సరైన వ్యాఖ్యానమని ఆ తీర్పు సారం.

మనసులో, యంత్రంలో

మనస్తత్వవేత్తలు బ్రాన్స్‌ఫర్డ్, జాన్సన్ 1972లో బట్టలు ఉతకడాన్ని వర్ణించే ఒక పేరాను శీర్షిక లేకుండా వినిపించారు. విన్నవారికి అది అయోమయంగా తోచింది, గుర్తు కూడా సరిగా లేదు. శీర్షిక ముందే చెప్పినవారికి తేలిగ్గా అర్థమైంది. గాడెన్, బాడ్లీ 1975 ప్రయోగంలో నీటి అడుగున నేర్చిన పదాలు ఈతగాళ్ళకు నీటి అడుగునే, ఒడ్డున నేర్చినవి ఒడ్డునే ఎక్కువగా జ్ఞాపకం వచ్చాయి.

యంత్రానువాదం తొలినాళ్ళలోనే, 1949లో వారెన్ వీవర్ పదానికి ఇరువైపులా ఉన్న కొన్ని మాటలను చూస్తే అర్థం తేల్చవచ్చని ఊహించాడు. నేటి భాషా యంత్రాలు ఆ దారిలోనివే. 2017లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ పద్ధతిలో ప్రతి పదం తన చుట్టూ ఉన్న పదాలన్నిటినీ తూచి తన విలువను మార్చుకుంటుంది. వీటికి పాఠంలోని సందర్భం అందుతుంది. రాయని సందర్భం, అంటే చెప్పినవారి ముఖం, ఆ ఇంటి ఆచారం, ఎవరైనా రాసిపెట్టినంత మేరకే అందుతుంది.

పరిమితులు, వివాదాలు

సందర్భానికి హద్దు ఎక్కడన్నది తేలని ప్రశ్న. ఎంత చేర్చినా ఇంకా చేర్చవలసింది మిగులుతుందని తత్త్వవేత్త డెరిడా వాదించాడు. మరో తత్త్వవేత్త సెర్ల్ దానితో విభేదించాడు. సంస్కృతులను మాటల్లో ఎక్కువ చెప్పేవి, పరిసరానికి ఎక్కువ వదిలేవి అని విడదీసిన మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ వర్గీకరణ (1976) ప్రచారం పొందింది. ఒక దేశాన్నంతా ఒకే గాటన కట్టడం మాత్రం దానిలో పెద్ద లోపం.

సందర్భం దుర్వినియోగానికి రెండు ముఖాలున్నాయి. ఉపన్యాసంలోంచి ఒక వాక్యాన్ని కత్తిరించి చూపడం, పాత వీడియోను నిన్నటిదిగా తిప్పడం మొదటిది. అన్న మాట స్పష్టంగా ఉన్నా 'సందర్భం వేరు' అని తప్పించుకోవడం రెండోది. మొదటిదానికి మందు పూర్తి పాఠం చదవడం. రెండోదానికి మీమాంసకుల వరుస ఇప్పటికీ పనికొస్తుంది: సూటి మాట ముందు, ప్రకరణం తర్వాత.

తెలుగు బోధనలో

తెలుగు పరీక్షా పత్రాల్లో 'సందర్భసహిత వ్యాఖ్యలు' అనే ప్రశ్న చాలాకాలంగా ఉంది. పాఠం నుంచి ఒక వాక్యం ఇచ్చి, అది ఎక్కడిదో, ఎవరు ఎవరితో ఎప్పుడు అన్నారో, దాని అర్థమేమిటో, విశేషమేమిటో రాయమంటారు. జవాబులో పరిచయం, సందర్భం రాసిన తర్వాతే భావం రాస్తారు.